పంతొమ్మిదో వారం

నేను ఒక బైండు పుస్తకాన్ని. అచ్చాఫీసులో పుట్టినదాన్ని కాదు. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది, నా అంచులు చూస్తే మీకెలాగూ తెలిసిపోతుంది. ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలని వారం వారం చింపి, దాచి, చివరికి దారంతో కుట్టిస్తే నేనయ్యాను. ఒక్కసారిగా పుట్టినవాళ్ళకి పుట్టినరోజంటూ ఒకటి ఉంటుంది. నేను శుక్రవారం శుక్రవారం కొద్దికొద్దిగా పుట్టాను.

నన్ను పోగుచేసినావిడ పేరు మంగతాయారు. గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఉండేది. ఆవిడ భర్త పట్టాభిగారు ఫ్యాక్టరీలో గుమాస్తా. శుక్రవారం పత్రిక రాగానే మంగతాయారు పొయ్యి మీద పాలు కూడా మర్చిపోయి గుమ్మంలో నిలబడే చదివేసేది. తర్వాత అది ఇల్లిల్లూ తిరిగి, ఎవరి ఇంటి పసుపు మరక వాళ్ళు అంటించి పంపాక, పేజీల మీద చెక్క బద్ద ఆనించి జాగ్రత్తగా చింపేది. ఆ చింపినవాటిని ఇస్త్రీపెట్టె బరువు కింద పెట్టేది. అలా బరువు కింద పెరగడం వల్లనేమో, నాకు మొదటినుంచీ మనసు కొంచెం ఇరుకు.

ఇంకో కారణం కూడా ఉంది. నా కథకి వెనక వైపున నాది కానిది చాలా ఉంది. ఒక పేజీ వెనక తలనూనె ప్రకటన. ఇంకో పేజీ వెనక సగం వంకాయ కూర, మిగతా సగం ఏ ఇంట్లో పొట్లమైందో తెలియదు. "డాక్టరుగారూ, నాకు పెళ్ళయినప్పటినుంచీ" అని మొదలయ్యే ఉత్తరం ఒకటుంది. ఆవిడకి పెళ్ళయినప్పటినుంచీ ఏమైందో నేను ఈ జన్మకి తెలుసుకోలేను. ఇన్ని తెగిపోయిన బతుకుల్ని వీపు మీద మోసేవాళ్ళకి నిండుగా ఉన్నవాళ్ళని చూస్తే ఒళ్ళు మండకుండా ఎలా ఉంటుంది?

అసలు కొరత మాత్రం పంతొమ్మిదో వారంలో వచ్చింది. ఆ శుక్రవారం పట్టాభిగారు ఏదో పని మీద ఏలూరు వెళుతూ, మంగతాయారు ఇంకా చూడకముందే, బస్సులో చదువుకుంటానని పత్రిక పట్టుకెళ్ళారు. బస్సు కిటకిటలాడుతోంది. అందరూ తువ్వాళ్ళూ, చేతిరుమాళ్ళూ కిటికీలోంచి సీట్లలోకి విసురుతున్నారు. ఆయన దగ్గర తువ్వాలు లేదు. పత్రిక విసిరారు. తోసుకుంటూ లోపలికి ఎక్కి చూసేసరికి ఒక భారీ మనిషి దాని మీద నిబ్బరంగా కూర్చుని ఉన్నాడు. పట్టాభిగారికి పౌరుషం వచ్చింది కానీ మాట రాలేదు. ఏలూరు దాకా నిలబడే వెళ్ళారు. ఆ భారీ మనిషి మధ్యలో ఎక్కడో పత్రికని చంకలో పెట్టుకుని దిగిపోయాడు. మనుషులకి సీటు మీద ఉన్నంత పట్టుదల దాని మీద పడి ఉన్న కథ మీద ఉండదు.

మంగతాయారు అన్నం మానేసింది. ఏలూరు కొట్లలో ఆ సంచిక అయిపోయింది. ఓదార్చడానికి క్వార్టర్సు ఆడవాళ్ళు వసారాలో చాప మీద చేరారు. అప్పుడు గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చున్న ఒకావిడ నెమ్మదిగా అంది.

"ఆ వారం నేను చదివేనొదినా. మా పెదతల్లి కూతురింటి కాడ. నేను చెప్తాను కదా, మీరు బెంగపెట్టుకోకండి."

ఆవిడ నూకరత్నం. బాయిలరు ఫిట్టరు భార్య, చివరి వరస క్వార్టరు. అప్పటిదాకా ఆవిడ వచ్చిందో లేదో కూడా ఎవరూ చూసుకునేవారు కాదు. ఆ ఒక్క మాటతో ఆడవాళ్ళు జరిగి ఆవిడకి చాప మీద చోటిచ్చారు.

సీరియల్ అయిపోయాక నన్ను బజారులో బైండింగు చేసే మస్తాన్ దగ్గరికి పంపారు. అతను నన్ను తిరగేసి, "అమ్మగారూ, మధ్యలో ఒక వారం లేదు. ఇలాగే కుట్టేస్తే చదివేవాళ్ళు తికమక పడిపోతారు" అని, కరపత్రాలు వేయగా మిగిలిన ఒక గులాబీరంగు తెల్లకాగితం ఆ ఖాళీలో పెట్టి కుట్టాడు. గులాబీరంగుదాన్ని తెల్లకాగితం అనడం మనుషులకే చెల్లింది. రాత లేనిదంతా వాళ్ళకి తెల్లకాగితమే. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు పూసి, ఎర్ర కాలికో గుడ్డ అంటించి, కత్తితో అంచులు కోసేటప్పుడు నా పేరు కూడా సగానికి కోసేశాడు. అందుకని క్వార్టర్సులో అందరూ నన్ను ఇందుమతి పుస్తకం అనేవారు. ఇందుమతి నా కథానాయిక.

ఫ్యాక్టరీ రెండు గంటల కూత కూసి, మగవాళ్ళు షిఫ్టుకి వెళ్ళాక, మంగతాయారు ఇంటి వసారాలో చాప పడేది. ఒకరు చింతపండు గింజలు తీసేవారు, ఒకరు బియ్యంలో రాళ్ళేరేవారు. క్రషింగు సీజనులో చెరకు పిప్పి మసి గాల్లో ఎగిరొచ్చి నా పేజీల మీద వాలేది. మంగతాయారు నన్ను ఒళ్ళో పెట్టుకుని పైకి చదివేది. మంచి గొంతు. మామగారి మాటలు మామగారిలాగా, ఇందుమతి మాటలు ఇందుమతిలాగా. ఒకసారి అయిపోతే మళ్ళీ మొదలుపెట్టేవారు. చదివింది పావుగంటైతే దాని గురించిన మాటలు గంట సాగేవి.

"ఇందుమతి పెట్టె సర్దుకునేటప్పుడు పెళ్ళిచీర ఎందుకు పెట్టుకోలేదంటారు?" అనేది ఒకావిడ.

"పిచ్చిది గనక!" అనేవారు బుల్లెమ్మగారు. అందరిలోకీ పెద్దావిడ ఆవిడే. నోరు కూడా ఆవిడదే పెద్దది. "మొగుణ్ణొదిలేసి ఎల్లిపోతా, పట్టుచీర ఆడికొదిలేస్తారంటే?"

"పెట్టుకుంటే ఇంక తిరిగి రానని తేలిపోద్ది కదండీ" అంది నూకరత్నం.

"మరి రానే రాలేదు కదే!"

"అది తర్వాత కదండీ పిన్నిగారూ. సర్దుకునేటప్పటికి తనకి మాత్రం తెలుసా ఏంటి?"

అందరూ ఒక్క క్షణం గింజలు తీయడం ఆపారు. నా పేజీలలో ఆ సంగతి ఎక్కడా లేదు. నాకది నచ్చలేదు.

పద్దెనిమిదో వారం ఆఖర్న ఇందుమతి వానలో తడుస్తూ, పెట్టె పట్టుకుని అన్నగారింటి తలుపు తడుతుంది. లోపల గడియ చప్పుడవుతుంది. అక్కడ గులాబీ కాగితం. ఇరవయ్యో వారం మొదట్లో ఇందుమతి వేరే ఊళ్ళో టైపు నేర్చుకుంటూ ఉంటుంది. ఆ తలుపు వెనక ఏం జరిగిందో నాకే తెలియదు.

గులాబీ కాగితం రాగానే మంగతాయారు నన్ను బోర్లా పెట్టేసేది. అందరూ నూకరత్నం వైపు తిరిగేవారు. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, కొంచెంసేపు నేల చూసి మొదలుపెట్టేది.

"అన్నయ్య తలుపు తీసేడు. తీసి, అలా చూసేడు. ఏమ్మా, ఏంటీ అన్లేదు. వదిన ఎనకాలే వచ్చింది. ఆవిడా ఒక్క మాట అడగలేదండి. లోపలికెల్లి పొడి తువ్వాలట్టుకొచ్చి, తనే తల తుడిచింది. తుడిచి, కూచో, అన్నం వండుతున్నా అంది."

"ఈసారి ఏం వండిందే?" అనేవారు బుల్లెమ్మగారు ముక్కు చీదుతూ.

ఎందుకంటే ప్రతిసారీ కూర మారేది. ఒకసారి వేడన్నంలో కందిపచ్చడి, నెయ్యి. ఒకసారి ములక్కాడల చారు. ఒకసారి ఇంట్లో ఏమీ లేక కోడిగుడ్డట్టు. ఇందుమతి అన్నం కలుపుతూ ఏడ్చేది, వదిన చూడనట్టు గిన్నెలు సర్దేది, తెల్లారాక ఎవరికీ భారం కాకూడదని ఇందుమతే వెళ్ళొస్తానని చెప్పి బయల్దేరేది. వదిన అరటాకులో అన్నం కట్టిచ్చేది. చాప మీద ఒక్కరికీ కళ్ళు పొడిగా ఉండేవి కావు.

నా సంగతి ఆలోచించండి. ఏడాది పొడుగునా సిరా మోసినదాన్ని నేను. నా పేజీలలో ఒక చావు ఉంది, ఒక కోర్టు ఉంది, గోదావరి వరద ఉంది. వాటికెవరూ ఏడవలేదు. నేను లేని చోట ఏడ్చారు. నా వీపు మీద ఎవరో కాఫీగ్లాసు పెట్టేవారు, అడుగున వేడి గుండ్రంగా ముద్రపడేది, నేను చాప పుల్లల్ని చూస్తూ నూకరత్నం గొంతు వినేదాన్ని. ఆ గొంతు మంగతాయారు గొంతులా బాగుండదు. మాటలు కూడా సాదా మాటలు. అయినా చింతగింజ కింద పడితే వినిపించేంత నిశ్శబ్దం.

అసూయపడ్డది నేనొక్కదాన్నే కాదు. చదివేది మంగతాయారు, పత్రిక కొన్నది మంగతాయారు, చాప ఆవిడది, కాఫీ ఆవిడది. కన్నీళ్ళు మాత్రం నూకరత్నానికి. "సరే, ఇంక కానీండి, పేజీ తిప్పుతున్నా" అని వాళ్ళ కళ్ళు ఆరకముందే నన్నెత్తేది. అప్పుడు ఆవిడ బొటనవేలు నా అంచు మీద ఎంత గట్టిగా నొక్కుకునేదో నాకు తెలుసు. మేమిద్దరం ఒకరి మనసు ఒకరికి తెలిసినవాళ్ళం.

కొన్నాళ్ళకి ఆఫీసర్ల వరసలోకి ఒక కెమిస్టుగారి భార్య వచ్చింది. పేరు శశిరేఖ. చదువుకున్న పిల్ల, మర్యాదస్తురాలు. లేడీస్ క్లబ్బులో నెలకోసారి పుస్తకాల సమావేశం మొదలుపెట్టింది. ఒక నవల అందరూ చదివి వచ్చి మాట్లాడుకోవాలి. మొదటి నెలకి ఆ పిల్ల ఎంచుకున్న నవల నేనే. అంటే, నా కథే, అచ్చు పుస్తకంగా.

మంగతాయారు నన్ను గుడ్డసంచిలో పెట్టుకుని, చాప జట్టునంతా వెంటేసుకుని వెళ్ళింది. అక్కడ చాప లేదు, కుర్చీలు. చింతపండు లేదు, బిస్కెట్లు. నన్ను తీసి బల్ల మీద పెట్టారు. నా పక్కనే అది ఉంది.

దాని గురించి చెప్పాలంటే ఇప్పటికీ నా కుట్లు బిగుసుకుంటాయి. నున్నటి అట్ట. పేరు పూర్తిగా ఉంది, పైన కోత లేదు. వెనక రచయిత్రి ఫొటో. ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు, పేజీల అంకెలన్నీ వరసగా. నాకు ముప్ఫై నాలుగు తర్వాత పన్నెండు వస్తుంది. దాని వీపు మీద తలనూనె లేదు, ఎవరి రోగమూ లేదు. ముందుమాట కూడా ఉంది, పెళ్ళికూతురికి తోడుపెళ్ళికూతురులాగా. శశిరేఖ దాన్ని తెరిస్తే కొత్త కాగితం వాసన. నన్ను తెరిస్తే మైలుతుత్తం, చింతపండు.

"ఇందుమతి అన్నగారు తలుపు వేసేసిన ఘట్టం గురించి ఎవరేమంటారు?" అనడిగింది శశిరేఖ.

చాప జట్టు మొహమొహాలు చూసుకుంది.

"వేసెయ్యడమేంటమ్మా?" అంది మంగతాయారు. "తీసేడు కదా. వదిన తల తుడిచింది, అన్నం పెట్టింది."

"లేదండీ అక్కయ్యగారూ, అలాంటిదేం లేదు" అని ఆ పిల్ల అమాయకంగా పేజీ తీసి చదివింది. అన్నగారు తలుపు తీశాడు. చెల్లెల్ని, పెట్టెని చూశాడు. "మీ ఇంటికి నువ్వు వెళ్ళు" అని గడియ వేసేశాడు. ఇందుమతి తెల్లారేదాకా వాన జల్లు కొట్టే అరుగు మీద పెట్టె మీద కూర్చుని, మొదటి బస్సుకి వెళ్ళిపోయింది. అంతే ఆ వారం.

అందరూ చివరి కుర్చీ వైపు తిరిగారు. నూకరత్నం చేతిలో బిస్కెట్టు ఉంది.

నాకెంత సంతోషం కలిగిందంటే, ఆ క్షణంలో ఆ అచ్చు పుస్తకాన్ని కూడా క్షమించాను. నా ఖాళీలో ఇన్నాళ్ళు కాపురం పెట్టిన మనిషి ఇవాళ దొరికిపోయింది!

మంగతాయారు నవ్వింది. "ఎంత బాగా వడ్డించేవే రత్నం! ఇన్నాళ్ళూ మా అందరికీ లేని అన్నం పెట్టి, కూరలు కూడా మార్చేవు" అంది. ఒకరిద్దరు ఫక్కున నవ్వారు. నవ్వకూడదనుకున్నవాళ్ళు కూడా బిస్కెట్టు అడ్డం పెట్టుకుని నవ్వారు.

నూకరత్నం చేతిలోని బిస్కెట్టుని మళ్ళీ పళ్ళెంలో పెట్టింది. లేచింది. "ఎల్లొస్తానండి, కుళాయి వచ్చే టైమైంది" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాటినుంచి చాప మీదకి రాలేదు. ఆ పక్కనుంచి వెళ్ళవలసివచ్చినా వెనక సందులోంచి తిరిగి వెళ్ళేది.

శశిరేఖ పాపం మంచి మనసుతో ఆ పేజీలకి జిరాక్సు తీయించి ఇచ్చింది. వాటిని నాలో గులాబీ కాగితం దగ్గర పెట్టారు. నేను నిండాను! నా బతుకంతా కోరుకున్నది ఇదే. చాప వేశారు. మంగతాయారు మొదటిసారి ఎక్కడా ఆగకుండా చదివింది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై.

అయ్యాక "పాపం" అంది ఒకావిడ. "అన్నదమ్ములంతే" అంది ఇంకొకావిడ. చింతపండు గిన్నె నిండిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ తర్వాత వారం ఇద్దరు తగ్గారు. పైవారం వైరు బుట్టలు అల్లడం ఎవరో నేర్చుకొచ్చారు, అందరూ ఆకుపచ్చ వైరు, పసుపు వైరు తెచ్చుకున్నారు. బుట్ట అల్లుతూ కథ వింటే గళ్ళు తప్పుతాయట. నేను నిండుగా, కిటికీ గూట్లో, అల్లిక చూస్తూ కూర్చున్నాను. వైరు బుట్ట మీద కూడా అసూయపడవచ్చని అప్పుడే తెలిసింది.

శ్రావణంలో బుల్లెమ్మగారికి జ్వరం పట్టుకుంది. తగ్గీ తగ్గనట్టు ఉంది, మంచం దిగట్లేదు. మంగతాయారు నన్ను పట్టుకుని వెళ్ళి మంచం పక్కన కూర్చుని చదవబోయింది.

"అది కాదే. రత్నం చెప్పే ముక్క కావాలి" అన్నారు బుల్లెమ్మగారు.

"అదబద్ధమని తేలిపోయింది కదండీ పిన్నిగారూ!"

"అన్నీ అబద్ధాలే కదే. ఇందుమతి మాత్రం నీ మేనత్త కూతురేంటి? పోయి పిలుచుకురా. నోరు చేదుగా ఉంది. ఈసారి ఏం వండిందో వినాలి."

మంగతాయారు నన్ను గట్టిగా పట్టుకుని కూర్చుంది. వెళ్ళి పిలవడమంటే మాటలు కాదు. పదిమందిలో తను ఎగతాళి చేసిన మనిషి గుమ్మం తొక్కాలి. "ఇప్పుడా మాట వెనక్కి తీసుకోవాలంటారా?" అంది చివరికి.

"నీ మాటెవడిక్కావాలే. నాకు చారు కావాలి" అన్నారావిడ.

చివరి వరసకి చేరేలోపు వాన దంచేసింది. గొడుగు లేదు. నన్ను కొంగు కింద పెట్టుకుని, నెత్తి మీద నీళ్ళు కారుతుండగా మంగతాయారు ఆ తలుపు ముందు నిలబడింది. తట్టడానికి చెయ్యెత్తి దించింది. మళ్ళీ ఎత్తింది. నేను ఆవిడ గుండెకి ఆనుకుని ఉన్నాను. ఇందుమతి తలుపు తట్టే పేజీ ఎన్నిసార్లు చదివినా ఆ గుండె ఇలా కొట్టుకోవడం నేను వినలేదు.

లోపల గడియ చప్పుడైంది.

నూకరత్నం తలుపు తీసింది. అలా చూసింది. ఒక్క మాట కూడా అడగలేదు. లోపలికి వెళ్ళి పొడి తువ్వాలు పట్టుకొచ్చి, మంగతాయారు ఇవ్వమని చెయ్యి చాచేలోపే తనే తల తుడిచింది.

"కూచోండొదినా. అన్నం వండుతున్నా" అంది.

మంగతాయారు కూర్చుంది. వేడన్నం వచ్చింది, కందిపచ్చడి వచ్చింది. నెయ్యి కూడా. రెండు ముద్దలు తిని మూడో ముద్ద కంచంలోనే వదిలేసింది. నూకరత్నం చూడనట్టు గిన్నెలు సర్దుతోంది.

"ఆ వారం నువ్వు చదివేవా, లేదా?" అనడిగింది మంగతాయారు.

"లేదొదినా."

"మరి?"

నూకరత్నం గిన్నె బోర్లించింది. "మీరలా అన్నం మానేస్తే చూళ్ళేక చదివేనన్నాను. చెప్దారని కూచుంటే నాకు తెలిసిన ముక్కొకటే ఉంది. మా ఫిట్టరుగారు బాగా తాగే రోజుల్లో నేనూ ఎల్లేనొదినా, మా అన్నయ్య దగ్గరికి. తలుపేసేసేడు. అరుగు మీదే కూచున్నాను. వాన లేదులెండి ఆ రోజు." ఇంకో గిన్నె అందుకుంది. "అది చెప్పబుద్ధి కాలేదు. ఇందుమతికేనా తలుపు తియ్యనీ అనుకున్నాను. పుస్తకంలో కూడా ఏసేసేడని నాకేం తెలుసు?"

గది మూల కప్పు కారుతోంది. మంగతాయారు ఎడమచేత్తో నన్ను తెరిచి, నాలోని జిరాక్సు కాగితాలు తీసి, నీళ్ళు పడుతున్న చోట పరిచేసింది. నావి! నన్ను నిండుగా చేసినవి! అవి తడిసి మెత్తగా ముద్దవుతుంటే నేనేమీ చెయ్యలేకపోయాను. ఆవిడ మళ్ళీ ముద్ద కలుపుకుంది.

"పద. పిన్నిగారు చారు కావాలంటున్నారు" అంది, చెయ్యి కడుక్కుంటూ.

"ఏం చారొదినా?"

"నాకేం తెలుసే? వండేది నువ్వు."

ఆ సాయంత్రం బుల్లెమ్మగారి మంచం చుట్టూ ఇల్లు పట్టనంత మంది. ఆ రోజు ఇందుమతి వదిన మిరియాల చారు పెట్టింది.

తర్వాత చాలా జరిగింది. శశిరేఖ వాళ్ళకి బదిలీ అయినప్పుడు అచ్చు పుస్తకాన్ని మంగతాయారుకి ఇచ్చి వెళ్ళింది. పట్టాభిగారు రిటైరై క్వార్టరు ఖాళీ చేసినప్పుడు, మంగతాయారు మా ఇద్దరినీ నూకరత్నానికి ఇచ్చేసింది. ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు నూకరత్నం బజారు వెనక వీధిలో ఉంటోంది, కళ్ళకి మందపాటి అద్దాలు. కోడలికి ముందుగదిలో కుట్టుమిషన్లున్నాయి. మధ్యాహ్నం కుట్టు నేర్చుకునే ఆడపిల్లలు పని ఆపి, "అమ్మమ్మగారూ, ఇందుమతి తియ్యమంటారా?" అనడుగుతారు.

అలమరలో మేమిద్దరం పక్కపక్కన ఉంటాం. వాళ్ళు నన్నే తీస్తారు. అది అక్కడే ఉండిపోతుంది. గెలిచానని మీరనుకుంటారు. నేనూ కొన్నాళ్ళు అనుకున్నాను. నా కాలికో పీలికలైంది, పేజీలు పచ్చబడి పొడి రాలుతున్నాయి. అది మాత్రం కొన్ననాటి లాగే నున్నగా మెరుస్తోంది. ఆ మెరుపు చూస్తే ఇప్పటికీ నాకు మంటే. తీసినా, నన్ను తీసేది నా కోసం కాదని నాకు తెలుసు.

ఇవాళ కూడా ఒక పిల్ల చదువుతోంది. గొంతు సన్నగా ఉంది, ఇందుమతి మాటలూ మామగారి మాటలూ ఒకేలా చదువుతోంది. వాన వచ్చింది. పెట్టె వచ్చింది. తలుపు తట్టింది. లోపల గడియ చప్పుడైంది. రంగు వెలిసిన గులాబీ కాగితం కనబడగానే పిల్ల నన్ను చాప మీద బోర్లా పెట్టేసింది. ఎవరో నా వీపు మీద టీగ్లాసు పెట్టారు.

పైన నూకరత్నం చేతులు కొంగుకి తుడుచుకుంటున్న చప్పుడు. చాప పుల్లల్ని చూస్తూ పడుకుని, ఒళ్ళు మండుతూనే, ఈసారి ఏం వండుతుందా అని నేనూ చెవొగ్గాను.